కొండను దాచిపెట్టిన రోజు

ఆ రోజుల్లో మా ఊళ్ళో గడియారం చూసి బతికేవాళ్ళు తక్కువ. గడియారాలు లేక కాదు. ఎవరో ఒకరి పెళ్ళిలో చదివింపుగా వచ్చిన గోడగడియారం ప్రతి ఇంట్లోనూ ఉండేది (మా ఇంట్లో దానికి తోడు ఒక కోయిల కూడా ఉండేది, అది దానికి తోచినప్పుడు కూసేది). కానీ ఊరికి పడమటి దిక్కున సుద్దకొండ అంత ఎత్తున నిలబడి ఉండగా గోడ వైపు తల తిప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. పొద్దు వాలితే కొండనీడ కిందికి దిగుతుంది. ముందు కొండపాదంలో ఉన్న మా చేను, తర్వాత పాత కోట అగడ్త, తర్వాత విరిగిన బురుజు, తర్వాత చావడి, ఆ తర్వాత ఒక్కొక్క వీధి. "నీడ బురుజు కాడికి వచ్చినాక వస్తాలేప్పా" అని ఎవరైనా అంటే అది తిరుగులేని మాట. పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళకు కూడా "చావడికి నీడ రాకముందే రాండి" అని కబురు పంపేవాళ్ళు. పాపం, పక్క ఊళ్ళవాళ్ళు అర్థం కాక తెల్లవారకముందే వచ్చి కూర్చునేవాళ్ళు.

సుద్దకొండ గురించి ఇంకొంచెం చెప్పకపోతే మా ఊరివాళ్ళు నన్ను ఊళ్ళోకి రానివ్వరు. కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే మా పావగడ తాలూకాలో కొండలకు కొదవ లేదు. నిడుగల్లు వైపు ఎటు చూసినా నల్లటి గుండ్లే. వాటి మధ్య మాదొక్కటే సున్నపురాతి కొండ. తెల్లగా, అక్కడక్కడ పసుపుగా, ఉతికి ఆరేసిన పాత పంచెలా ఉంటుంది. పాలెగాళ్ళు కింద కోట కట్టుకున్నప్పుడు గారకు కావలసిన సున్నం ఆ రాళ్ళతోనే కాల్చుకున్నారట. ఆ కోటలో ఇప్పుడు మిగిలింది ఒకటిన్నర బురుజు, ఒక దిడ్డివాకిలి, ఒక శాసనం. శాసనంలో ఏముందో చదవగలిగినవాళ్ళు మా ఊళ్ళో లేరు గానీ, దాని మీద గుడ్డలు ఉతికితే మురికి బాగా వదులుతుందని అందరికీ తెలుసు. (ఒకసారి బెంగళూరు నుంచి చరిత్ర చెప్పే పంతులుగారొకాయన వచ్చి, అక్షరాల నిండా సబ్బునురుగు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి, "ఊరుకో నాయనా, రేపట్నుంచి ఇంకో బండ మీద ఉతుకుతాము" అని ఓదార్చింది. ఆ రేపు ఇంకా రాలేదు.)

కొండపాదంలో మొట్టమొదట నీడ తాకేది మా చేనినే కాబట్టి దానికి నీడచేను అని పేరు. అందులో పడమటి సగం కల్లం. పంట నూర్చే రోజుల్లో తప్ప అది మాదన్న సంగతి ఊరు పెద్దగా పట్టించుకునేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నం కొంచెం వాలిందంటే చాలు, విత్తనానికి వలవాల్సిన శెనక్కాయల మూటలు, చాపలు, చేటలు, ఆకువక్క సంచులు, చంకలో పసిపిల్లలు, వెనకాల రెండు మూడు మేకపిల్లలు, ఇట్లా ఊరు ఊరంతా మా కల్లంలోకి దిగేది. చిత్రమేమిటంటే వాళ్ళు నీడ వచ్చాక వచ్చేవాళ్ళు కాదు. అది రాకముందే వచ్చి, బస్టాండులో కూర్చున్నట్టు ఎండలోనే చాపలు పరుచుకుని, తలల మీద కొంగులు, తువ్వాళ్ళు కప్పుకుని కొండ వైపు తిరిగి కూర్చునేవాళ్ళు. ఎవరి చోటు వాళ్ళదే. తరాల నుంచి వస్తున్న చోట్లవి. కొంచెంసేపటికి నీడ వచ్చేది. ఎప్పుడు కదిలిందో, ఎట్లా కదిలిందో ఎవరికీ కనిపించదు. ముందు కాలివేళ్ళు చల్లబడతాయి, తర్వాత ఒళ్ళో పెట్టుకున్న చేట, తర్వాత మాటలు. అంతవరకూ కోడలిని తిడుతున్నావిడ కూడా ఎందుకో గొంతు తగ్గిస్తుంది. కొండ అంచు నిమ్మపండు రంగుకు తిరిగి, కాయలు చిట్లే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని ఒక ఘడియ వస్తుంది. చిన్నప్పుడు నేను అవ్వ ఒడిలో తల పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నీడ నా కనురెప్పల మీదికి ఎప్పుడు ఎక్కుతుందో కనిపెట్టాలని చూసేదాన్ని. ఒక్కసారి కూడా కనిపెట్టలేదు, అంతకుముందే నిద్రపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, అంత సుఖమైన నిద్ర మళ్ళీ నాకు దొరకలేదు.

అట్లాంటి ఊరి మీదికి సోలారు వచ్చింది. తిరుమణిలో మొదలై, బలసముద్రం మీదుగా మా దిక్కుకు పాకింది. రైతులు ఒకరి వెంట ఒకరు భూములు కంపెనీలకు గుత్తకు ఇచ్చేశారు. వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టుకుపోయినవాళ్ళు మరి. ఎండకు బాడుగ ఇస్తామంటే ఎవరు కాదంటారు? మా నాయనకైతే శెనక్కాయ మీద మనసు పూర్తిగా విరిగిపోయింది. విత్తేటప్పుడు రావాల్సిన వాన పెరికేటప్పుడు వచ్చేది. "ఇంక నా చేత కాదు పాపా. చేను కంపెనీకి ఇచ్చేస్తే నేను కూడా మనిషిని అయితా" అనేవాడు. చుట్టుపక్కల అందరి భూములూ తీసుకున్నారు. మా చేనొక్కటే మిగిలింది.

నాకు నా స్వార్థం కూడా ఉంది. భూమి ఇచ్చిన ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ప్లాంటులో ఉద్యోగం ఇస్తామని చెప్పారు. పావగడలో డిగ్రీ ముగించి ఇంట్లో కూర్చున్న నన్ను అప్పటికే తాత్కాలికంగా సర్వే సార్ దగ్గర మాటసాయానికి పెట్టుకున్నారు. సర్వే సార్ ఉత్తరాది మనిషి, నాకంటే కొంచెం పెద్ద, సన్నగా, ఎప్పుడూ నెత్తిన టోపీతో ఉండేవాడు. ఆయనకు తెలుగు రాదు, కన్నడ రాదు. మా రైతులకు హిందీ రాదు. ఇద్దరి మధ్యా నేను. నా హిందీ అంతా టీవీ సీరియళ్ళలో నేర్చుకున్నది కాబట్టి, రెండు చేల మధ్య గట్టు తగాదాను నేను హిందీలో చెబితే అత్తాకోడళ్ళ యుద్ధంలా వినిపిస్తుందని సార్ నవ్వేవాడు. కంపెనీవాళ్ళు నా మెడలో వేసిన ట్యాగును నేను స్నానానికి తప్ప తీసేదాన్ని కాదు. ఆ ట్యాగు వేసుకుని వీధిలో నడిచేటప్పుడు నా నడకే వేరుగా ఉండేదని మా అమ్మ ఇప్పటికీ నడిచి చూపిస్తుంది.

ఒకరోజు సార్, "ఎల్లుండి మీ చేను చూద్దాం" అన్నాడు. వింటూనే నేను కొండ వైపు చూశాను. ఎందుకంటే నీడ పడే భూమి వాళ్ళకు పనికిరాదు. ఆ మాట ఎంతోమందికి నా నోటితో నేనే చెప్పాను. చెట్టు నీడైతే చెట్టు కొట్టేస్తారు, గోడ నీడైతే గోడ పడగొడతారు. కొండను ఏం చేస్తారు? ఇన్నేళ్ళూ ఏ నీడను చూపించి మా నాయన చుట్టాల ముందు మీసం తిప్పాడో, ఆ నీడే ఇప్పుడు ఇంట్లో తెలియకూడని రోగంలా అయింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద ఆలోచన జరిగింది. నాయన, అమ్మ, అవ్వ, నేను, చిన్నాయన. మా చిన్నాయనను ఊళ్ళో అందరూ ప్లాను చిన్నాయన అనేవాళ్ళు. ఆయన దగ్గర ఏ కష్టానికైనా ఒక ప్లాను ఉండేది, దాని తర్వాత వచ్చే కష్టానికి ఇంకో ప్లాను ఉండేది.

"చూడన్నా," అన్నాడు చిన్నాయన, "నీడ ఉండాదని ఎవురు చెప్పల్ల? కండ్లు చెప్పల్ల. కండ్లు చూడకపోతే నీడ యాడ ఉండాది? సార్‌ను పొద్దున్నే పిలుచుకొని రావల్ల. ఎండ చూపియ్యల్ల. కడుపునిండా అన్నం పెట్టల్ల. నీడ దిగకముందే బండెక్కించి పంపియ్యల్ల. అంతే."

"మరి కొండ కనపడ్తాది కదప్పా?" అంది అమ్మ.

"కొండ కనపడితే ఏమి వదినా? కొండ ప్రతి ఊళ్ళోనూ ఉంటాది. అది చేసే పని కనపడకూడదు."

నాయన తల ఊపాడు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. కానీ ఇది అబద్ధం కాదు కదా, అన్నం పెట్టి పంపడమే కదా అని తనకు తాను చెప్పుకుంటున్నట్టున్నాడు. చిన్నాయన ఇంకో కట్టుబాటు పెట్టాడు. సార్ ముందర ఎవరూ నీడ అనే మాట ఎత్తకూడదు. చేను పేరు కూడా ఆ ఒక్కరోజుకు పడమటిచేను. అవ్వకు ఇది అర్థం కాలేదు.

"ఆయప్పకు తెలుగు రాదంటివి కదనే?"

"రాదవ్వా."

"రానప్పుడు నేను ఏమంటే ఏమి?"

"మొగం చూసి కనిపెడ్తారవ్వా."

"నీడ అంటే నా మొగం ఎట్లయితాది?"

"చల్లగయితాది," అన్నాడు చిన్నాయన విసుగ్గా. అందరం నవ్వాం, అవ్వ తప్ప. అవ్వ చీకట్లో కొండ వైపు చూస్తూ కూర్చుంది. ఆమెకు ఈ చేను పోవడం ఇష్టం లేదని నాకు తెలుసు. కానీ కొడుకు అలసటను కూడా ఆమే అందరికంటే ముందు చూసింది కాబట్టి అడ్డం చెప్పలేదు.

అనుకున్నట్టే సార్ పొద్దున వచ్చాడు. పొద్దుటెండ సుద్దకొండ మీద పడితే చూడాలి. కొండంతా ఒకటే తెలుపు. ఆ వెలుతురు తిరిగి మా చేని మీద పడుతుంది. సార్ టోపీ కిందికి లాక్కుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాయనలో ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "సార్‌కు చెప్పు పాపా, అందరి చేలకూ ఒక సూర్యుడు, మా చేనికి ఇద్దరు. ఒకడు పైన, ఇంకొకడు ఆ కొండ మీద." చెప్పాను. సార్ నవ్వాడు. తర్వాత ఫోను తీసి, దాన్ని కొండకు ఎదురుగా పట్టుకుని, అటు చివరి నుంచి ఇటు చివరి దాకా మెల్లగా తిప్పాడు. ఫొటో తీస్తున్నాడనుకుని నాయన కొండకు అడ్డంగా వెళ్ళి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చిన్నాయన కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాడు. సార్ మొహమాటపడి వాళ్ళిద్దరినీ కూడా ఒక ఫొటో తీశాడు. "చాలా మంచి చోటు" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. చిన్నాయన నా వైపు చూసి కన్ను గీటాడు.

తర్వాత భోజనం. చేని కొట్టంలోనే అమ్మ అన్నీ సిద్ధం చేసింది: రాగిముద్ద, నాటుకోడి పులుసు, శెనక్కాయలు నూరిన ఊరిబిండి, మజ్జిగ. సార్ ముద్దను నమలబోయాడు. "నమలొద్దని చెప్పు తల్లీ, మింగమను," అంది అవ్వ, తాను మింగి చూపిస్తూ. ఆయన భయపడుతూ మింగాడు. మింగాక ఆశ్చర్యపోయాడు. ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. మాకు సంతోషం పట్టలేదు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, అలవాటు లేని కడుపులోకి రెండు రాగిముద్దలు, చెంబెడు మజ్జిగ పోతే ఏమవుతుందో ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. సార్ చెయ్యి కడుక్కుని, కొట్టం ముందున్న మంచం మీద "ఒక్క నిమిషం" అని కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒరిగాడు. ఒరిగినవాడు బూట్లతోనే నిద్రపోయాడు.

లేపడం ఎట్లా? చిన్నాయన బండి స్టార్టు చేసి హారను కొట్టాడు. సార్ నిద్రలోనే ఇటు నుంచి అటు తిరిగాడు. అమ్మ ఇత్తడి బిందెను కావాలనే జారవిడిచింది. అది దొర్లుకుంటూ పోయి గట్టుకు తగిలి ఆగింది గానీ సార్ కదలలేదు. చిన్నాయన భుజం పట్టి కదపబోతే ఈసారి నాయనే అడ్డం వచ్చాడు. "వద్దప్పా. మన ఇంట్లో అన్నం తిని పండుకున్నోన్ని లేపితే ఏం బాగుంటాది?" చిన్నాయన నెత్తి కొట్టుకున్నాడు. "అన్నా, చేను పోతాదన్నా!" "పోనీలే, ఇంకొంచెంసేపు చూద్దాం" అన్నాడు నాయన, కొండ వైపు చూడకుండా. ఎంత కావాలనుకున్నాడో ఆ గుత్త! అయినా నిద్రపోయే అతిథి ఆయనకు అంతకంటే పెద్దవాడు.

నేను గట్టు మీద కూర్చుని కొండను చూస్తూ ఉన్నాను. చేను నిండా ఎండ నిశ్శబ్దంగా పరుచుకుని ఉంది. దూరంగా ఎక్కడో గొర్రెల మెడగంటలు, బురుజు మీద పావురాలు, మంచం మీద సార్ సన్నటి గురక. కొండ అంచును పొద్దు తాకబోతోంది. "ఈ ఒక్కరోజూ ఆగు" అని కొండను మనసులోనే బతిమాలాను. ట్యాగును గుప్పిట్లో పట్టుకుని మరీ బతిమాలాను. కొండను బతిమాలడం అదే మొదటిసారి, దానికి అలవాటు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, అంత ఆలోచించిన మేం మరిచిపోయిన సంగతి. ఇంట్లోవాళ్ళందరికీ చెప్పుకున్నాం గానీ ఊరికి చెప్పలేదు. దిడ్డివాకిలి లోంచి ముందు ఒక చాప, తర్వాత ఒక మూట, ఆ వెనక చేటలు, పిల్లలు, మేకలు, ఎప్పటిలాగే ఊరంతా వస్తోంది. చిన్నాయన రెండు చేతులూ ఊపుతూ వాళ్ళకు ఎదురుపోయాడు. పిలుస్తున్నాడనుకుని వాళ్ళు ఇంకా తొందరగా వచ్చారు. వచ్చి, ఎవరి చోట్లలో వాళ్ళు, మండుటెండలో, కొండ వైపు తిరిగి వరసలుగా కూర్చున్నారు. హారనుకు లేవని సార్ ఆ మాటల హోరుకు లేచాడు.

కళ్ళు నులుముకుని చూశాడు. ఎండలో కదలకుండా తన వైపే చూస్తూ ఊరంతా కూర్చుని ఉంది. "వీళ్ళంతా ఎందుకు వచ్చారు?" అని అడిగాడు. నీడ కోసమని ఎట్లా చెప్పను? "మీరు వచ్చారని తెలిసి, సోలారు గురించి చెబుతారని వచ్చారు సార్" అనేశాను. సార్ మొహంలో నిద్ర ఎగిరిపోయింది. చొక్కా సర్దుకుని, టోపీ తీసి, కొండకు వీపు పెట్టి జనం ముందు నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆయన ఒక మాట అంటే నేను ఒక మాట చెప్పాలి. సూర్యుడు ఎంత గొప్పవాడో, మన ఊరి ఎండ ఎన్ని ఊళ్ళకు దీపమవుతుందో చెబుతున్నాడు. నా కళ్ళు మాత్రం ఆయన బూట్ల వెనక నేల మీదే ఉన్నాయి. వచ్చేసింది. నల్లటి గీత మెల్లగా ఆయన మడమల దగ్గరికి వచ్చింది.

"సార్ చెప్తాండాడు, ఎండ మన ఆస్తి అని," అన్నాను గట్టిగా. "నేను చెప్తాండా, ఎవురూ సార్ కాళ్ళకల్లా చూడొద్దండి."

ఊరంతా సార్ కాళ్ళ వైపు చూసింది.

నీడ బూట్లు దాటి మోకాళ్ళకు ఎక్కింది. జనం కళ్ళు కూడా మోకాళ్ళకు ఎక్కాయి. నడుము దాకా వచ్చింది. ఉపన్యాసం ఇంత శ్రద్ధగా వినేవాళ్ళను సార్ ఎక్కడా చూసి ఉండడు. గొంతు ఇంకా పెంచాడు. ముందు వరసలో పిల్లలు అప్పటికే కాళ్ళు చాపి వేళ్ళకు నీడ తగిలించుకుని ఇకిలిస్తున్నారు. నాయన కొట్టం గుంజకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఇంతలో అవ్వ లేచింది. గబగబా నడిచి వచ్చి సార్ చెయ్యి పట్టుకుంది. "ఎంతసేపు ఆ బిడ్డను ఎండలో నిలబెడ్తారే? నెత్తి మాడిపోతాండాది. రా నాయనా, ఇట్ల నీడలోకి రా" అని రెండడుగులు వెనక్కి లాగి, నీడ ముందుగా తాకే తన చోట్లో చాప మీద కూర్చోబెట్టింది. ఆ మాట అనేటప్పుడు అవ్వ మొహం నిజంగానే చల్లగా అయింది. చిన్నాయన రెండు చేతుల్లో తల పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

సార్ కాళ్ళు చాపుకుని, చేటలోంచి ఒక శెనక్కాయ తీసి వలవడానికి ప్రయత్నించాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. "పొద్దున్నే తెలిసింది," అన్నాడు మెల్లగా. ఫోను తీసి చూపించాడు. పొద్దున ఫొటో అనుకున్నది ఫొటో కాదు. తెరమీద మా కొండ అంచు ఒక గీతగా ఉంది. దాని మీద సూర్యుడు ఏ నెలలో ఏ దారిన పోతాడో పసుపు గీతలుగా ఉన్నాయి. ప్రతి గీతా పొద్దు ఉండగానే కొండ వెనక్కి వెళ్ళిపోతోంది. అడ్డంగా మా నాయన తువ్వాలు కూడా కొంచెం కనిపిస్తోంది. "ఈ చేను మేం తీసుకోలేం."

"తెలిసి కూడా ఇంతసేపు ఎందుకున్నారు సార్?"

"మీ నాన్నగారు భోజనానికి పిలిచారు కదా." కొండ వైపు చూస్తూ అన్నాడు. "మా ఊరి మీద కూడా ఒక కొండ ఉంది. సాయంత్రమైతే మా అమ్మవాళ్ళు ఇట్లాగే వాకిట్లో కూర్చుంటారు. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి నా పని ఎండ కొలవడమే. నీడలో కూర్చుని ఎన్ని రోజులైందో." శెనక్కాయ నోట్లో వేసుకున్నాడు.

"ఏమంటాడు పాపా?" అని నాయన దూరం నుంచి అడిగాడు. వలిచే చేతులన్నీ ఆగిపోయాయి. అందరి మాటలూ అటూ ఇటూ చేరవేసిన నాకు, ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. నా ఉద్యోగం పోయిందన్న బాధ ఒకవైపు ఉంది, కాదనను. కానీ గుంజకు ఆనుకుని మెడ ముందుకు చాపి నిలబడ్డ నాయనను చూస్తే అది చిన్నదైపోయింది. "మన చేను వద్దంట నాయనా. నీడ పడ్తాదంట," అన్నాను.

నాయన తల ఎత్తి కొండను చూశాడు. చాలాసేపు చూశాడు. కుదిరిన సంబంధాన్ని చెడగొట్టిన సొంత మేనమామను చూసినట్టు చూశాడు. కోపం ఉంది, కానీ ఏమీ అనడానికి లేదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయేమో నాకు సరిగ్గా కనిపించలేదు, నావే తడిగా ఉన్నాయి. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని అడిగాడు. "భోజనం ఎట్లుండాదో అడిగితివా?"

అడిగాను. ఇంత మంచి భోజనం ఇంటి నుంచి వచ్చాక తినలేదన్నాడు సార్. "అయితే కాపీ తాగి పొమ్మను," అని నాయన పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

ఆ తర్వాత చాలా రోజులు నాయన కొండతో మాట్లాడలేదు. (నవ్వకండి. అంతకుముందు మాట్లాడేవాడు.) నీళ్ళు తాగేటప్పుడు కూడా తూర్పు వైపు తిరిగి తాగేవాడు. మళ్ళీ వాన వచ్చినప్పుడు వేరే దారి లేక శెనక్కాయే విత్తాడు. నా ట్యాగును వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. నేను రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు నుంచి బీఎడ్‌కు చదివాను. ఇప్పుడు పావగడలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి వస్తాను.

ఇప్పుడు సుద్దకొండ ఎక్కి చూస్తే దక్షిణం వైపు, ఉత్తరం వైపు చూపు ఆనినంత దూరం నీలంగా మెరిసే పలకలే. కంచె మా చేని గట్టు దాకా వచ్చి, అక్కడ మర్యాదగా ఆగిపోయింది. గుత్తకు ఇచ్చినవాళ్ళు బాగానే ఉన్నారు. ఇళ్ళు కట్టుకున్నారు, బండ్లు కొనుక్కున్నారు. కానీ సాయంత్రమైతే కూర్చోవడానికి వాళ్ళకు ఒక చేను లేదు. అందుకని మా కల్లంలోకే వస్తారు. వలవడానికి కాయలు లేకపోయినా అలవాటుగా చేటలు తెస్తారు. ప్లాంటులో పలకలు తుడిచే ఆడవాళ్ళు, కాపలావాళ్ళు కూడా పని వదిలాక నేరుగా ఇక్కడికే వస్తారు. అందరూ ఎండలోనే వచ్చి, కొండ వైపు తిరిగి, నీడ కోసం కూర్చుంటారు. అవ్వ పోయాక ఆమె చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఎవరూ చాప పరవరు. నేను వచ్చిన రోజు నన్నక్కడ కూర్చోమంటారు. కూర్చున్న ప్రతిసారీ ఆమె గుర్తొస్తుంది.

మా నాయనకు ఇప్పుడు ముసలితనం వచ్చింది, దానితోపాటు మాటలు కూడా వచ్చాయి. పోయిన శనివారం ప్లాంటుకు కొత్తగా వచ్చిన కాపలా కుర్రాడొకడు అడిగాడు, చుట్టూ అందరి భూములూ పోయి ఇదొక్కటే ఎట్లా మిగిలిందని. నాయన కాళ్ళు చాపుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద సారే వచ్చినాడప్పా మా ఇంటికి. రెండు చేతులూ పట్టుకొని బతిమాలినాడు, ఈ చేను ఇయ్యి అని. నేను ఒకటే మాట చెప్పినా. సార్, అన్నం పెడ్తా తిను, కాపీ ఇస్తా తాగు. చేను మాత్రం అడగొద్దు. ఇది నాది కాదు, ఈ ఊరోళ్ళ నీడ ఇది, దీన్ని నేను ఎట్ల ఇచ్చేది అన్నా. పాపం, ఆయప్ప కండ్లనీళ్ళు పెట్టుకొని పాయ."

ఆ రోజు ఎండలో వరసగా కూర్చున్నవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. చిన్నాయన కూడా నేల మీద పుల్లతో ఏదో గీసుకుంటూ కూర్చున్నాడు. నాయన నా వైపు తిరిగాడు. కాయలు వలిచే చేతులు మళ్ళీ అన్నీ ఆగాయి. "ఏం పాపా, నా మాట సార్‌కు హిందీలో చెప్పింది నువ్వే కదా?"

"ఔ నాయనా," అన్నాను. "నేనే చెప్పినా."

నాయన తృప్తిగా తల ఊపి కొండ వైపు చూశాడు. నీడ నా కాలివేళ్ళ దాకా వచ్చింది. మెడలో ట్యాగుతో గట్టు మీద కూర్చుని, గుప్పిట బిగించి, ఆగు ఆగు అని కొండను బతిమాలిన ఆ పిల్ల నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. దాన్ని చూస్తే నవ్వొచ్చింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. దానికి హిందీ వచ్చు, కన్నడ వచ్చు, కొంచెం ఇంగ్లీషు కూడా వచ్చు. చేను పోతే తాను మనిషినవుతానని వాళ్ళ నాయన అన్న మాటను మాత్రం ఉన్నదున్నట్టుగా నమ్మేసింది, పిచ్చిది.